ఇంక్‌స్కేప్‌లో అక్షరాలకు నీడ, ఫొటోకు మెత్తని అంచు: అచ్చులో చెడకుండా ఎలా చేయాలి

ముహూర్తాల కాలం వస్తే చెన్నైలోని తెలుగు మిత్రుల నుంచి నాకు ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "పేరుకు నీడ పెట్టాను, తెర మీద చక్కగా ఉంది. ప్రెస్సుకు ఇచ్చి కార్డు తెచ్చుకుంటే అక్షరాల అంచులు గరుకుగా ఉన్నాయి, నీడ చుట్టూ లేత పెట్టె కనిపిస్తోంది. ఎందుకు?"

చాలాసార్లు లోపం నీడలో ఉండదు. దాన్ని ఏ పద్ధతిలో పెట్టారు, ఫైలును ఏ రూపంలో ఇచ్చారు అన్న రెండింటిలోనే ఉంటుంది. ఫోనులో పంపే ఆహ్వానానికి ఒక దారి, అచ్చుకు మరో దారి. ఈ రెండింటినీ కలిపేయడం వల్లే తిప్పలన్నీ.

ఇక్కడి వాళ్లకు ఇంకో చిక్కుంది. చెన్నై ప్యారీస్ కార్నర్ దగ్గర ఆండర్సన్ వీధిలో కార్డులు వేయించేటప్పుడు మీ ఫైలు తెరిచే ఆపరేటర్‌కు తమిళం, ఇంగ్లీషు వస్తాయి, తెలుగు చదవడం రాకపోవచ్చు. ఒక చుక్క పోయినా, ఒక ఒత్తు నీడలో కలిసిపోయినా ఆయన కంటికి ఆనదు. అది చూసుకోవలసింది మీరే.

కావలసినవి

బొమ్మలు, కార్డులు గీసుకునే ఇంక్‌స్కేప్ ప్రోగ్రాము 1.0 గానీ ఆ తర్వాతి వెర్షన్ గానీ ఉంటే చాలు. అది ఉచితం. విండోస్, లినక్స్, మ్యాక్ అన్నింటిలోనూ పని చేస్తుంది. మెనూ పేర్లు ఒక్కో వెర్షన్‌లో కాస్త అటూ ఇటూ ఉండవచ్చు.

తెలుగు అక్షరాలకు యూనికోడ్ ఫాంటు కావాలి. శీర్షికలకు రామభద్ర లాంటి లావు ఫాంటు, చిన్న వరుసలకు మండలి లేదా నోటో సాన్స్ తెలుగు బాగుంటాయి. పాత డీటీపీ ఫాంట్లలో టైపు చేసిన మజ్కూరు (కార్డులో వేయవలసిన మాటలు) మీ దగ్గర ఉంటే దాన్ని యూనికోడ్‌లోకి మార్చుకున్నాకే మొదలుపెట్టండి.

ఫొటో పెడుతుంటే అసలు ఫైలే కావాలి. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన ఫొటో తెర మీద బాగానే కనిపిస్తుంది గానీ అచ్చులో బయటపడుతుంది. 2 అంగుళాల వెడల్పున అచ్చు వేయాలంటే కనీసం 600 పిక్సెళ్ల వెడల్పు ఉండాలి.

వీటన్నింటికన్నా ముందు ప్రెస్సుకు ఒక ఫోను చేయండి. ఆఫ్‌సెట్టా, డిజిటలా, స్క్రీన్ ప్రింటింగా, బంగారు రేకు అద్దే పనా అని అడగండి. రేకు పనికి మెత్తని నీడ అసలు కుదరదు. రేకు పడితే పూర్తిగా పడుతుంది, లేకపోతే లేదు. స్క్రీన్ ప్రింటింగ్‌లో నీడను చుక్కలుగా విడగొట్టాలి, చిన్న కార్డు మీద అది మురికిలా కనిపిస్తుంది. ఈ రెండింటిలో ఏదైనా అయితే మసక లేని గట్టి నీడ పెట్టండి, లేదా నీడ ఆలోచనే మానుకోండి. మానుకుంటే కార్డు అందం తగ్గదని నా అభిప్రాయం.

మొదటి పద్ధతి: ఫోనులో పంపే ఆహ్వానానికి

1. అక్షరాలను ఎంచుకొని ఫిల్టర్స్ మెనూలో షాడోస్ అండ్ గ్లోస్, అందులో డ్రాప్ షాడో తెరవండి.

2. లైవ్ ప్రివ్యూ గడిలో టిక్కు పెట్టండి. ఇక అంకె మార్చినప్పుడల్లా ఫలితం వెంటనే కనిపిస్తుంది.

3. బ్లర్ రేడియస్ అంటే మసక ఎంత దూరం పరుచుకోవాలన్నది. 1080 పిక్సెళ్ల వెడల్పున్న ఆహ్వానంలో శీర్షికకు 3తో మొదలుపెట్టండి. అడ్డంగా 2, నిలువుగా 3 జరపండి. నిలువు అంకె పెరిగితే నీడ కిందికి జారుతుంది.

4. రంగు ట్యాబులో నీడ రంగు ఎంచుకోండి. అందులో ఆల్ఫా అన్న గీత నీడ ఎంత గాఢంగా ఉండాలో చెబుతుంది. సగానికి మించనివ్వకండి.

5. అప్లై నొక్కండి, ఒక్కసారే. ప్రివ్యూలో అప్పటికే కనిపిస్తోంది కదా, నొక్కింది పని చేయలేదేమో అని రెండోసారి నొక్కితే నీడ మీద నీడ పడుతుంది. మొదలు నుంచి చేయాలనుకుంటే ఫిల్టర్స్ మెనూ చివర రిమూవ్ ఫిల్టర్స్ ఉంది.

ఫోనుకు ఇంతే. తర్వాత ఎక్స్‌పోర్ట్ పలకలో 1080 వెడల్పుతో పీఎన్‌జీ తీసి, వాట్సాప్‌లో ఫొటోగా కాకుండా డాక్యుమెంటుగా పంపండి. ఫొటోగా పంపితే కుదింపులో మెత్తని నీడే ముందుగా మచ్చలు పడుతుంది.

ఈ ఫైలునే అచ్చుకు ఇవ్వకండి. డ్రాప్ షాడో ఫిల్టరును అక్షరాలకే తగిలించినప్పుడు, పీడీఎఫ్ తీసే సమయంలో నీడతో పాటు అక్షరాలు కూడా చిత్రంగా మారిపోతాయి. పీడీఎఫ్‌లో మసక ఫిల్టరు అనే సంగతి లేదు కాబట్టి ఇంక్‌స్కేప్ ఆ మొత్తాన్ని పిక్సెళ్లుగా మార్చి పెడుతుంది. పదునుగా ఉండవలసిన అక్షరాల అంచులు గరుకుగా రావడానికి మూలం ఇదే.

రెండో పద్ధతి: అచ్చుకు

ఇందులో నీడ వేరు, అక్షరం వేరు. అక్షరం గీతగానే మిగులుతుంది, నీడ ఒక్కటే చిత్రమవుతుంది. కాస్త పని ఎక్కువే గానీ అచ్చుకు నేను దీన్నే వాడమంటాను.

1. మజ్కూరు ఖాయం చేసుకోండి. పేర్లు, తేదీ, ముహూర్తం, మండపం చిరునామా ఇంట్లో పెద్దవాళ్లతో ఒకసారి చదివించండి. నీడ వేరే వస్తువు కాబట్టి, తర్వాత మీరు పేరు దిద్దితే నీడలో పాత పేరే ఉండిపోతుంది. నకలుకు బదులు ఆల్ట్, డి నొక్కి క్లోన్ చేయవచ్చు గదా అని అడుగుతారు. క్లోన్ దిద్దుబాట్లను అందుకుంటుంది, నిజమే. కానీ అసలు వస్తువు రంగునూ తెచ్చుకుంటుంది. తెల్లని అక్షరానికి తెల్లని నీడ ఎందుకు?

2. అక్షరాలను ఎంచుకొని కంట్రోల్, డి నొక్కండి. నకలు సరిగ్గా అసలు మీదే కూర్చుంటుంది కాబట్టి ఏమీ జరగనట్టు అనిపిస్తుంది. జరిగింది. మళ్లీ నొక్కకండి.

3. ఎంపికలో ఉన్న ఆ నకలుకు రంగు మార్చండి. పూర్తి నలుపు వద్దు. వెనుక రంగునే బాగా ముదురుగా చేసి పెట్టండి. కుంకుమ రంగు కార్డైతే ముదురు గోధుమ ఎరుపు, పసుపు కార్డైతే ముదురు తేనె రంగు. ఇంక్‌స్కేప్ ఇచ్చే రంగులు తెర రంగులు. ప్రెస్సులో అవి నాలుగు సిరాల్లోకి మారేటప్పుడు పలచని నలుపు నీడ పసుపు మీద ఆకుపచ్చగా, ఎరుపు మీద బూడిదగా తిరిగే ప్రమాదం ఉంది. వెనుక రంగు కుటుంబంలోదే అయితే కొద్దిగా మారినా కంటికి తెలియదు.

4. పేజ్ డౌన్ నొక్కి నకలును అసలు కిందికి దింపండి. ఎండ్ మీట నొక్కకండి. అది నకలును అన్నిటికంటే అడుక్కి పంపుతుంది, అంటే కార్డు వెనుక రంగు కూడా పైనే ఉండిపోతుంది. "నీడ మాయమైంది" అనే ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఈ ఒక్క మీటే.

5. బాణం మీటలతో కుడికి ఒకసారి, కిందికి ఒకసారి జరపండి. మామూలు అమరికలో ఒక్కో నొక్కుకు 2 పిక్సెళ్లు జరుగుతుంది. ఇంకా సన్నగా జరపాలంటే ఆల్ట్ పట్టుకొని బాణం నొక్కండి.

6. షిఫ్ట్, కంట్రోల్, ఎఫ్ నొక్కితే ఫిల్ అండ్ స్ట్రోక్ పలక తెరుచుకుంటుంది. అడుగున బ్లర్, ఒపాసిటీ అని రెండు గీతలు ఉంటాయి. బ్లర్‌ను 1 శాతం దగ్గర మొదలుపెట్టి పదో వంతు చొప్పున పెంచుతూ, తగ్గిస్తూ చూడండి. ఇక్కడి శాతం వస్తువు మొత్తం పరిమాణాన్ని బట్టి లెక్క. చిన్న గుండ్రని బొట్టుకు 5 శాతం అందంగా ఉంటుంది. కార్డు వెడల్పంతా పరుచుకున్న పేరుకు అదే 5 శాతం పెడితే నీడ పొగలా లేస్తుంది. కాబట్టి ఒక వరుసకు కుదిరిన శాతాన్ని రెండో వరుసకు గుడ్డిగా ఎక్కించకండి, కంటితో చూసి సరిపెట్టండి.

7. ఒపాసిటీని 40 నుంచి 55 మధ్యకు తెండి. రంగు పలకలోని ఆల్ఫాతో గాఢత తగ్గించవద్దు, అడుగున ఉన్న ఒపాసిటీతోనే తగ్గించండి. మన లిపిలో ఒత్తులు, గుణింతాలు పక్క అక్షరాన్ని తాకుతుంటాయి. ఆల్ఫాతో తగ్గిస్తే తాకిన చోట రెండు పలచని రంగులు కలిసి నల్లని మరక పడవచ్చు. ఒపాసిటీ అయితే మొత్తాన్ని ఒక్క వస్తువుగా చూస్తుంది.

8. నీడను, అక్షరాన్ని కలిపి ఎంచుకొని కంట్రోల్, జి తో గుంపు చేయండి. ఇక రెండూ కలిసే కదులుతాయి. గుంపు చేశాక మళ్లీ బ్లర్ జోలికి వెళ్లకండి, పైన ఉన్న అక్షరం కూడా మసకబారుతుంది.

తెలుగు అక్షరాల దగ్గర ఆగి చూడవలసినవి

నీడ గురించిన ఇంగ్లీషు పాఠాలు ఇంగ్లీషు అక్షరాలను దృష్టిలో పెట్టుకొని రాసినవి. మన అక్షరాల్లో లోపలి ఖాళీలు చిన్నవి, ఆ ఖాళీల్లోనే అర్థం ఉంటుంది. పిల్లవాడి "ప్రథమ జన్మదినం" కార్డు తీసుకోండి. థ పొట్టలో చుక్క ఉంది. లావు ఫాంటులో ఆ చుక్క చుట్టూ మిగిలే ఖాళీ సన్నని వలయమే. నీడ ఆ వలయాన్ని నింపిందంటే చుక్క కనబడదు, చదివేవారికి ధ కనిపిస్తుంది. "ప్రధమ" అని తప్పు రాసేవారు ఎటూ చాలామంది ఉన్నారు కాబట్టి చుట్టాలెవరూ నీడను తప్పుపట్టరు, మీ తెలుగునే తప్పుపడతారు. ప, ఫ ల మధ్య, బ, భ ల మధ్య తేడా చూపే చిన్న గీతదీ ఇదే కథ.

అదే కార్డులో "జన్మ" దగ్గర న కింద మ ఒత్తు దిగుతుంది. ఒత్తు నీడ మరింత కిందికి దిగి తర్వాతి వరుస తలకట్టు మీద పడుతుంది. ఒకే పరిమాణంలో ఉన్న ఇంగ్లీషు వరుసల కన్నా తెలుగు వరుసల మధ్య ఎక్కువ ఎడం ఇవ్వండి. ఎడం ఇచ్చే చోటు లేకపోతే పైవరుసకు మాత్రమే నీడ పెట్టండి.

చిన్న వరుసలకు, అంటే చిరునామాకు, ఫోను నంబరుకు, నీడ వద్దే వద్దు. ఎంత బతిమాలినా ఈ మాట మార్చను.

వెలుగు ఒక వైపు నుంచే రావాలి. పేరుకు నీడ కుడి కిందికి పడితే, కలశానికీ, దీపానికీ అదే వైపు పడాలి. తెచ్చి అతికించిన బొమ్మల్లో నీడ ముందే ఉండి ఎడమకు పడుతుంటే ఆ బొమ్మను అడ్డంగా తిప్పండి. ఇంక్‌స్కేప్‌లో ఎంచుకొని హెచ్ నొక్కితే చాలు. వినాయకుడి బొమ్మను మాత్రం తిప్పకండి, తొండం వైపు మారిపోతుంది.

మసక ఎంత, జరుపు ఎంత అన్నవి కూడా ఒకదానికొకటి కుదరాలి. వస్తువు నేలకు దగ్గరగా ఉంటే నీడ దగ్గరగా, పదునుగా, ముదురుగా ఉంటుంది. ఎత్తున ఉంటే దూరంగా, మసకగా, పలచగా పడుతుంది. దూరంగా జరిపి పదునుగా ఉంచితే నీడలా కాక రెండుసార్లు అచ్చు పడినట్టు ఉంటుంది.

ఫొటోకు మెత్తని అంచు

1. ఫొటోను ఇంపోర్ట్ చేసేటప్పుడు ఎంబెడ్ ఎంచుకోండి. లింక్ ఎంచుకుంటే ఫైలును వేరే కంప్యూటర్‌లో తెరిచినప్పుడు ఫొటో ఉండదు.

2. ఫొటో మీద అండాకారం గీయండి. తెల్లని రంగు నింపి, చుట్టూ గీత లేకుండా చేయండి.

3. ఫిల్ అండ్ స్ట్రోక్‌లో ఆ అండాకారానికి బ్లర్ పెట్టండి. మసక బయటికీ వ్యాపిస్తుంది కాబట్టి అండాకారం ఫొటో కన్నా నాలుగు వైపులా బాగా చిన్నదిగా ఉండాలి. ఫొటో అంచు దాకా గీశారంటే మెత్తదనం పూర్తయ్యేలోపే ఫొటో అయిపోయి, అక్కడ కత్తిరించినట్టు గీత కనిపిస్తుంది. ఎక్కువ మంది ఆగిపోయేది ఈ మెట్టు దగ్గరే.

4. రెండింటినీ ఎంచుకొని ఆబ్జెక్ట్ మెనూలో మాస్క్, అందులో సెట్ మాస్క్ నొక్కండి. మాస్కులో తెల్లగా ఉన్నచోట ఫొటో కనిపిస్తుంది, నల్లగా ఉన్నచోట దాగుతుంది. మీరు పొరపాటున నల్లని అండాకారం గీసి ఉంటే ఫొటో మొత్తం మాయమవుతుంది. ఆబ్జెక్ట్, మాస్క్, రిలీజ్ మాస్క్ నొక్కి రంగు మార్చి మళ్లీ చేయండి.

5. అచ్చుకైతే, ఆ ఫొటో ఒక్కదాన్నే ఎంచుకొని 300 డీపీఐతో (అంగుళానికి 300 పిక్సెళ్లు) పీఎన్‌జీగా తీసి, దాన్నే తిరిగి తెచ్చి అదే చోట పెట్టండి. మసక మాస్కు పీడీఎఫ్‌లోకి వెళ్లేటప్పుడు వచ్చే చిక్కులు దీనితో తప్పుతాయి.

తొందరలో ఉంటే ఫిల్టర్స్, బ్లర్స్, ఫెదర్ ఉంది. లోపలి బొమ్మను ముట్టుకోకుండా అంచును మాత్రమే మెత్తబరుస్తుంది. కాకపోతే ఏ వైపు ఎంత మెత్తగా ఉండాలో చెప్పే వీలు దానిలో లేదు.

కలశం, కుందె లాంటి బొమ్మల కింద నేల మీద పడే నీడకు ఫిల్టరే అక్కరలేదు. చదునైన అండాకారం గీసి, దానికి రేడియల్ గ్రేడియెంట్ ఇచ్చి, మధ్యలో ముదురు రంగు, అంచున ఆల్ఫా సున్నా పెట్టండి. ఇది పీడీఎఫ్‌లో చిత్రంగా మారనక్కరలేదు, ఎంత పెద్దగా అచ్చు వేసినా నున్నగా ఉంటుంది.

ఫైలు తీయడం

1. అసలు ఎస్‌వీజీ ఫైలును, అంటే ఇంక్‌స్కేప్‌లో మీరు పని చేసిన ఫైలును, వేరే పేరుతో దాచుకోండి. ప్రెస్సుకు ఎస్‌వీజీ ఇవ్వకండి. చాలా ప్రెస్సుల్లో కోరల్‌డ్రా వాడతారు. ఇంక్‌స్కేప్ ఫిల్టర్లు అక్కడ సరిగా తెరుచుకుంటాయన్న భరోసా లేదు.

2. కార్డు వెనుక రంగు అంచు దాకా ఉంటే, కోతకు నాలుగు వైపులా 3 మిల్లీమీటర్ల అదనపు రంగు వదలండి. మామూలు అమరికలో ఇంక్‌స్కేప్ పేజీ దాకానే తీస్తుంది కాబట్టి పేజీ పరిమాణాన్నే ఆ మేరకు పెంచడం తేలిక.

3. ఫైల్ మెనూలో సేవ్ ఎ కాపీ నొక్కి పీడీఎఫ్ ఎంచుకోండి. వచ్చే పెట్టెలో మూడు చూడండి. కన్వర్ట్ టెక్స్ట్ టు పాత్స్ ఎంచుకోండి, ప్రెస్సు కంప్యూటర్‌లో మీ తెలుగు ఫాంటు లేకపోయినా ఇబ్బంది ఉండదు. రాస్టరైజ్ ఫిల్టర్ ఎఫెక్ట్స్‌కు టిక్కు ఉంచండి. దాని కింద రిజల్యూషన్ 96 అని ఉంటే 300 చేయండి. ఈ 96ను ఎవరూ పట్టించుకోరు, మెట్లు మెట్లుగా వచ్చే నీడలకు కారణం అదే.

4. ప్రెస్సులో తెరిచినప్పుడు నీడ చుట్టూ తెల్లని లేదా లేత పెట్టె కనిపిస్తే వాళ్ల సాఫ్ట్‌వేర్ పారదర్శకతను సరిగా చదవలేదన్నమాట. వెంటనే వాదనకు దిగకండి. మొత్తం పేజీని వెనుక రంగుతో సహా పీఎన్‌జీగా తీసి ఇవ్వండి. 5 అంగుళాల వెడల్పు, 7 అంగుళాల ఎత్తున్న కార్డుకు 300 డీపీఐ అంటే 1500, 2100 పిక్సెళ్లు, అదనపు అంచు వేరే. చిన్న అక్షరాలు ఎక్కువగా ఉంటే 600 డీపీఐతో తీయండి.

నీడ సూటిగా తెగిపోతే

మెత్తగా కరిగిపోవలసిన నీడ ఒక వైపు కత్తెరతో కోసినట్టు ఆగిపోతే ఫిల్టరు హద్దు చిన్నదైందని అర్థం. ఎస్‌వీజీ ప్రమాణంలో ఆ హద్దు మామూలుగా వస్తువు చుట్టూ 10 శాతం మాత్రమే. ఫిల్టర్స్ మెనూ నుంచి ఫిల్టర్ ఎడిటర్ తెరిచి, ఫిల్టర్ జనరల్ సెట్టింగ్స్‌లో కోఆర్డినేట్స్ రెండింటినీ -0.3కు, డైమెన్షన్స్ రెండింటినీ 1.6కు మార్చండి. ఒకే ఫిల్టరును పంచుకుంటున్న వస్తువులన్నీ దీనితో మారతాయని గుర్తుంచుకోండి.

కంప్యూటర్ నత్తనడక నడుస్తుంటే వ్యూ మెనూలో డిస్‌ప్లే మోడ్‌ను నో ఫిల్టర్స్ చేసుకొని మిగతా పని చేసుకోండి. ఫైలు తీసే ముందు నార్మల్‌కు తిరిగి వచ్చి చూసుకోండి.

సరిగా వచ్చిందో లేదో చూడటం

ఇంక్‌స్కేప్‌లో చూసి తృప్తిపడకండి. తీసిన పీడీఎఫ్‌ను వేరే ప్రోగ్రాములో తెరిచి 800 శాతానికి పెంచండి. అక్షరం అంచు కత్తిలా ఉండాలి, నీడ మాత్రమే మెత్తగా ఉండాలి. అక్షరం కూడా గళ్లుగళ్లుగా ఉందంటే ఎక్కడో ఫిల్టరు అక్షరానికే తగిలింది. వెనక్కి వెళ్లి రెండో పద్ధతిలో చేయండి.

తర్వాత అసలు పరిమాణంలో, వంద శాతం దగ్గర, ఒక ఏ4 కాగితం మీద నలుపు తెలుపులో అచ్చు తీయండి. వీధి చివర జిరాక్స్ కొట్టులో తీసింది చాలు. రంగు లేకుండా చూస్తే నీడ ఎక్కువైన చోట్లు వెంటనే దొరుకుతాయి. ఆ కాగితాన్ని కళ్లజోడు లేకుండా పెద్దవాళ్లెవరికైనా ఇచ్చి చదవమనండి. "ప్రథమ" దగ్గర ఆగారంటే మసక తగ్గించాలి, లేదా ఆ పదాన్ని పెద్దది చేయాలి.

చివరగా ప్రెస్సులో అచ్చు కాగితం మీదే ఒక నమూనా అడగండి. మెరుపు కాగితం మీద బాగున్న నీడ, చేతి కాగితంలా గరుకుగా ఉన్న దాని మీద సిరా పీల్చుకొని ముదురుగా పడుతుంది. గరుకు కాగితమైతే ఒపాసిటీని ముందే 10 శాతం తగ్గించి ఇవ్వండి. నమూనా చూసి సరే అన్నాక దాని మీదే సంతకం, తేదీ వేసి ఫొటో తీసి పెట్టుకోండి. మిగతా కార్డుల్లో నీడ రంగు మారితే చూపించడానికి పనికొస్తుంది.